పంపు మార్చకండి, వెనక సీటు విప్పండి

మూడో గేరులో నిండా తొక్కిపట్టి ఉండగా కారు ఒక్క క్షణం వెనక్కి లాగినట్టయి మళ్ళీ అందుకుంటుంది. లేదా పొడవాటి మలుపు మధ్యలో ఇంజను తడబడి తేరుకుంటుంది. విజయవాడలో దీనికి ఎవరిని అడిగినా మందు ఒకటే: "పెద్ద పంపు వేసెయ్ తమ్ముడూ." బెంజి సర్కిల్ దగ్గర టీ తాగే కుర్రాడు అదే చెబుతాడు. ఆటోనగర్‌లో షెడ్డు నడిపే పెద్దాయనా అదే చెబుతాడు. పంపులు అమ్మే ఆయన ఇంకాస్త గట్టిగా చెబుతాడు.

నా సలహాలు దీనికి పూర్తిగా ఎదురు. పెద్ద పంపు కొనొద్దు. వేగం కోసం కారుని తేలిక చేయొద్దు, ట్యాంకు బరువుగానే ఉంచండి. బాగానే ఉందనిపించే ఫిల్టరుని పారేయండి. రోడ్డు మధ్యలో ఇంజను ఆగిపోతే సంతోషించండి, ఆగకుండా పరుగెడుతుంటే భయపడండి. తలతిక్క సలహాలని నా మొహం మీదే అన్నవాళ్ళున్నారు. ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. తప్పుడు వైద్యంతో మంచి ఇంజన్లు పాడవుతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు.

ఆగిపోయే ఇంజనుతో మొదలుపెడదాం. పెట్రోలు పూర్తిగా అందక చచ్చుబడి రోడ్డు పక్కకి చేరిన ఇంజనుకి సాధారణంగా ఏ నష్టమూ ఉండదు. ట్యాంకులో పోసి తాళం తిప్పితే లేస్తుంది. ప్రమాదమంతా కాస్త తక్కువ అందుతున్నా పరుగెడుతూనే ఉన్న ఇంజనుది. ఇంజక్టరు గుండా పారే పెట్రోలు పీడనం వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఇంజక్టర్లకి పెట్రోలు పంచే గొట్టంలో, అంటే ఫ్యూయల్ రైలులో, 3 బార్ ఉండాల్సింది 2.4కి పడిందనుకోండి. పెట్రోలు పది శాతం పైన తగ్గిపోయినట్టే. సీట్లో కూర్చున్నవాడికి ఆ తేడా తెలియకపోవచ్చు, పిస్టనుకి మాత్రం తెలుస్తుంది. టర్బో ఇంజనులో నిండా తొక్కినప్పుడు పడే పెట్రోలులో కొంత భాగం పని శక్తినివ్వడం కాదు, సిలిండరు లోపలి వేడిని తగ్గించడం. ఆ భాగం కరువైతే మిశ్రమం స్పార్కు చెప్పిన వేళకి కాక తన ఇష్టం వచ్చినప్పుడు పేలుతుంది. ఇదే నాక్. నాక్ సెన్సారు దాన్ని పట్టుకుని టైమింగ్ వెనక్కి లాగుతుంది, కానీ దానికీ ఒక హద్దుంది. హద్దు దాటితే పిస్టను రింగుల మధ్య గట్టు విరుగుతుంది, అంచు కరుగుతుంది. ఇదంతా జరగడానికి ఒక్క మలుపు సరిపోతుంది. టర్బో లేని పాత సిటీ వీటెక్, లాన్సర్ సీడియా లాంటి కార్లు ఇలాంటి తడబాట్లను చాలావరకు ఓర్చుకుంటాయి. ఆ ఓర్పు చూసి నేర్చుకున్న ధైర్యాన్ని టర్బో కారు దగ్గరికి తీసుకురాకండి.

మన మేస్త్రీల చిట్కాల్లో సగం కార్బొరేటరు కాలంవి. ఆ కాలానికి అవి నిజాలే. అంబాసిడర్‌లో, ప్రీమియర్ పద్మినిలో, మొదటి మారుతి 800లో కార్బొరేటరుకి సొంత గిన్నె ఉండేది. ట్యాంకు నుంచి రావడం ఒకటి రెండు క్షణాలు ఆలస్యమైనా గిన్నెలో నిల్వ ఉన్నది కాపాడేది. ఇంజెక్షన్ రైలులో అలాంటి నిల్వేమీ ఉండదు. పంపు నోటికి గాలి తగిలిన మరుక్షణం పీడనం పడుతుంది. అందుకే పైపు తీసి ఊదడం, ఫిల్టరుని వెనక నుంచి కంప్రెసర్ గాలి కొట్టి మళ్ళీ బిగించడం ఈ కార్లకి మేలు చేయవు. వెనక నుంచి కొట్టిన గాలికి ఫిల్టరు కాగితం చిరుగుతుంది, పట్టి ఉంచిన మురికంతా ఇంజక్టర్ల వైపు పోతుంది.

ఇంకో సంగతి ఉంది. ఆటోనగర్ లారీల మీద పెరిగిన చోటు, అక్కడి పనితనం డీజిలుది. "లైనులో గాలి పట్టింది, నట్టు కొద్దిగా వదులు చేసి గాలి పోనివ్వు" అన్నది పాత డీజిల్ లారీకి సరైన మాట. పోలో జీటీ, స్లావియా, వర్టస్, ఐ20 ఎన్ లైన్ వంటి డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో కార్లలో ఆ నట్టు ముట్టుకోకండి. ఇంజను నడుస్తుండగా హై ప్రెషర్ పంపు నుంచి రైలుకి పోయే గొట్టంలో పీడనం వంద బార్ దాటొచ్చు, లోడు పడితే రెండొందలూ దాటొచ్చు. అంత పీడనంతో వచ్చే ధార చర్మంలోకి దూసుకుపోతుంది, దాని తుంపర వేడి టర్బో మీద పడితే అంటుకుంటుంది. ఎవరైనా స్పానరు పట్టుకుని అక్కడికి వస్తే, ఎంత పెద్దాయనైనా సరే, "వద్దు బాబాయ్" అని చెయ్యి అడ్డం పెట్టండి.

ఇక పంపు. లెక్క వేసి చూడండి. టర్బో పెట్రోలు ఇంజను నిండా తొక్కినప్పుడు హార్స్‌పవర్‌కి గంటకి ఇంచుమించు 270 గ్రాముల పెట్రోలు తాగుతుంది. 150 హార్స్‌పవర్ల కారుకి గంటకి 40 కిలోలు, అంటే 55 లీటర్లు. సాధారణంగా కంపెనీ తన పంపుని దీనికి తగినంత మిగులుతోనే ఎంచుకుంటుంది. బజారులో అందరూ చెప్పే వాల్‌బ్రో 255 పేరులోనే ఉంది, గంటకి 255 లీటర్లని. అంటే కావాల్సినదానికి నాలుగు రెట్ల పైన. ఆ మిగిలిన 200 లీటర్లు ఎక్కడికి పోతాయి? రిటర్న్ లైనున్న కారులో ఇంజను వేడిని అంటించుకుని మళ్ళీ ట్యాంకులోకి వస్తాయి. మే నెలలో విజయవాడలో నీడ పట్టునే 45 డిగ్రీలు చూస్తాం. పావు ట్యాంకు పెట్రోలు అలా గిరగిరా తిరుగుతుంటే నిమిష నిమిషానికీ వేడెక్కుతుంది. వేడి పెట్రోలు పంపు పీల్చే వైపు, పీడనం తక్కువగా ఉన్న చోట, ఆవిరి బుడగలుగా మారుతుంది. పంపు బుడగలని తోయలేదు. పెట్రోలు అందడం లేదని వేసిన పంపే పెట్రోలు అందకుండా చేస్తుందన్నమాట.

అంతకంటే చెడ్డ సంగతి గిన్నెది. ట్యాంకు లోపల పంపు చుట్టూ ఓ చిన్న ప్లాస్టిక్ గిన్నె ఉంటుంది, లీటరుకి అటూ ఇటూ పడుతుంది. మలుపులో పెట్రోలంతా ఒక పక్కకి పోయినా పంపు మునిగి ఉండేలా కాపాడేది అదే. రిటర్న్ పెట్రోలు ఈ గిన్నెలోకే వచ్చి పడే ఏర్పాటున్న కార్లలో చిక్కు లేదు. బయట పడే కార్లలో మాత్రం గిన్నె ఎంతసేపు ఆగుతుందో పంపే నిర్ణయిస్తుంది. గంటకి 100 లీటర్లు తోసే పంపు ఆ లీటరుని 36 సెకన్లలో ఖాళీ చేస్తుంది, 255 లీటర్లది 14 సెకన్లలో. గిన్నెని మళ్ళీ నింపే చిన్న జెట్ పంపుని కొత్త పంపు బిగించేటప్పుడు అడ్డమని తీసి పక్కన పడేస్తే ఆ గిన్నె ఉండీ లేనట్టే. బోలెడు డబ్బు పోసి కంపెనీ ఇచ్చిన రక్షణని చేతులారా పీకేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పెద్ద పంపు పోటుకి, పీడనాన్ని అదుపు చేసే పాత రెగ్యులేటరు తట్టుకోలేక తక్కువ వేగాల్లో పీడనం పెరిగిపోవడం, నల్లపొగ, చెడిన మైలేజీ ఆ పైన వచ్చేవి. నకిలీ పంపుల సంగతి సరేసరి.

కాబట్టి, పంపు మీద పెట్టాలనుకున్న డబ్బులో కొంత పెట్రోలుకే పెట్టండి. సగం ట్యాంకు దగ్గరే బంకుకి వెళ్ళండి. ఎప్పుడూ. రిజర్వు లైటు ఎలా వెలుగుతుందో మీకు తెలియకుండా పోవాలి. "బరువు కదా అన్నా, పికప్ తగ్గుతుంది" అంటారు కుర్రాళ్ళు. 20 లీటర్ల పెట్రోలు 15 కిలోలు. మన వైపు వడ్ల బస్తా 75 కిలోలు, అందులో అయిదో వంతు. పదకొండు వందల కిలోల కారుకి అది ఒకటిన్నర శాతం కూడా కాదు. ఆ కాస్త బరువు తగ్గించి మీరు సంపాదించే వేగం ఏ గడియారానికీ చిక్కదు. పంపు నోరు ఎప్పుడూ మునిగి ఉండటం, పంపు చుట్టూ చల్లటి పెట్రోలు ఉండటం మాత్రం ఇంజనుకి పెద్ద తేడా. ట్యాంకులోని పంపుని చల్లబరిచేది పెట్రోలే అన్న సంగతి చాలామంది పట్టించుకోరు.

మలుపులో ట్యాంకు లోపల ఏం జరుగుతుందో కాగితం మీద చూద్దాం. 150 మీటర్ల వ్యాసార్థమున్న వంపులో 60 కిలోమీటర్ల వేగంతో వెళితే పెట్రోలు మట్టం పదకొండు డిగ్రీలు వాలుతుంది. 80కి పెంచితే పద్దెనిమిది దాటుతుంది. 50 మీటర్ల వ్యాసార్థమున్న లూపులో 60 అంటే ముప్ఫైకి దగ్గర. టైర్లు పట్టు వదిలే అంచుకి, అంటే గురుత్వాకర్షణలో తొంభై శాతానికి, వెళితే 42 డిగ్రీలు. చదును ట్యాంకులో పది లీటర్లు మాత్రమే ఉంటే అంత వాలులో ఒక పక్క పూర్తిగా పొడిగా మిగులుతుంది. వాలడం ఒక ఎత్తు, ఎంతసేపు వాలి ఉందన్నది ఇంకో ఎత్తు. చౌరస్తాలో గబుక్కున తిరిగే మలుపు గిన్నె ఖాళీ అయ్యేలోపు అయిపోతుంది. పొడవుగా ఒకే పక్కకి తిరిగే వంపే గిన్నెని తోడేస్తుంది. ఇంద్రకీలాద్రిని చుట్టి కృష్ణ పక్కనే సాగే కనకదుర్గ ఫ్లైఓవర్ 2020లో తెరిచినప్పటి నుంచీ రాత్రిళ్ళు అక్కడ కార్లని పరీక్షించే సరదా కొందరికి పట్టుకుంది. అక్కడ వద్దు. ఆ రోడ్డు మీద కొండకి వచ్చే భక్తులుంటారు, బస్సులుంటాయి. అక్కడ చట్టం ఒప్పుకునే వేగంతో వెళితే ఏ కారూ ఆకలితో తడబడదు. తడబడితే తప్పు మలుపుది కాదు, ఇంకెక్కడో ఉంది.

వేగంతో పరీక్షించాలంటే శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ రేస్ ట్రాకు ఉంది. నెల్లూరు మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే ఒక పూటలో చేరతారు. గడియారం దిశలో తిరిగే ట్రాకుల్లో కుడి మలుపులే ఎక్కువ, కాబట్టి పెట్రోలు ఎడమ గోడకి ఎక్కుతుంది. మీ కారులో పంపు ట్యాంకుకి ఏ పక్కన ఉందో ముందే తెలుసుకుని వెళ్ళండి. కుడివైపు ఉంటే ముప్పావు ట్యాంకుకి తగ్గకుండా నడపండి. ట్రాకు రోజున తేలిక కోసమని అయిదు లీటర్లతో దిగేవాళ్ళని చూసి మాత్రం నేర్చుకోవద్దు. వాళ్ళ కార్లలో బాఫుల్ కట్టిన ట్యాంకులో, విడిగా సర్జ్ ట్యాంకులో ఉంటాయి, మన కార్లలో ఉండవు. ట్యాంకులో స్పాంజి కుక్కితే ఆ లోటు తీరుతుందనే చిట్కా ఒకటి తిరుగుతోంది. మామూలు స్పాంజి పెట్రోలులో నానీ నానీ పొడిపొడిగా రాలి పంపు నోటి దగ్గరి స్ట్రెయినరుకి అడ్డం పడుతుంది. రేసు ట్యాంకుల కోసమే చేసిన ఫోముకి కూడా ఆయుష్షు కొన్నేళ్ళే. వద్దు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని. వెనక సీటు విప్పండి. చాలా కార్లలో పంపు మూత సీటు కింద ఉంటుంది. పంపు కాదు మనకి కావాల్సింది, దానికి వచ్చే వైర్లు. పంపు ఎంత తోస్తుందన్నది దానికి అందే వోల్టేజిని బట్టి ఉంటుంది. 13.5 వోల్టులు అందాల్సిన చోట 12 అందితే తోసేది పది పదిహేను శాతం పడిపోతుంది. మామూలుగా నడిపేటప్పుడు ఆ లోటు కనబడదు. హెడ్‌లైట్లు, ఏసీ, రేడియేటరు ఫ్యాను అన్నీ నడుస్తున్న వేసవి రాత్రి, నిండా తొక్కినప్పుడు కనబడుతుంది. పెద్ద పంపు వేస్తే కరెంటు దాదాపు రెట్టింపు లాగుతుంది కనుక అదే సన్నటి వైరులో లోటు ఇంకా పెరుగుతుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయిదు మీటర్ల పొడవున పది ఆంపియర్లు మోస్తే ఒక వోల్టు పైచిలుకు దారిలోనే పోతుంది, ఎర్త్ వైపు పోయేది దీనికి అదనం. 4 చదరపు మిల్లీమీటర్ల తీగలో పోయేది పావు వోల్టే. ఖర్చు చూస్తే పంపు ధరలో చిన్న ముక్క.

కృష్ణా డెల్టాలో ఈ సలహా ఇంకెక్కడికన్నా ఎక్కువ పనికొస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడలోని సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అదే వారం ప్రకాశం బరాజ్ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇళ్ళ ముందు నిలబెట్టిన కార్లు సీట్ల దాకా మునిగాయి. వాటిలో చాలావాటిని కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి మళ్ళీ రోడ్డెక్కించారు. చేతులు మారినవీ ఉన్నాయి. ఇంజను శుభ్రం చేస్తారు, గేర్ ఆయిలు మారుస్తారు, వెనక సీటు కింద కార్పెట్టు మడతలో ఇంకిన బురద నీటి సంగతి ఎవరికీ తట్టదు. ఆ చెమ్మలో పంపు కనెక్టరు పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. బురద ఆరిపోతుంది, చిలుము మాత్రం నెలల తరబడి పెరుగుతూనే ఉంటుంది. సెకండ్‌హ్యాండులో చవకగా వచ్చిన టర్బో కారు మిస్సింగ్ కొడుతోందంటే నేను మొదట అనుమానించేది ఈ కనెక్టరునే. బందరు, నాగాయలంక, అవనిగడ్డ వైపు కార్లకి వరదతో పని లేదు, ఉప్పుగాలి చాలు. బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు కింద తుప్పు పట్టి ఉంటుంది, పైకి మెరుస్తూనే కనబడుతుంది.

కొలవడం ఇలా. పంపు నడుస్తుండగా మల్టీమీటరు ఒక కొసని బ్యాటరీ ప్లస్సుకి, రెండోదాన్ని పంపు దగ్గరి ప్లస్సుకి పెట్టండి. మీటరులో కనబడేదే దారిలో పోతున్న వోల్టేజి. ఎర్త్ వైపూ అలాగే చూడండి. రెండూ కలిపి అర వోల్టు దాటితే వైరింగుని అనుమానించండి, ఒక వోల్టు దాటితే ఇంకేమీ కొనకుండా ముందు అదే బాగుచేయించండి. కొత్త వైరు వేస్తే బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి, రిలేని ఆన్ చేసేది కంపెనీ ఇచ్చిన పాత పంపు వైరే కావాలి. నేరుగా ఇగ్నిషనుకి కలిపేస్తే గుద్దుకున్నప్పుడు ఇంజను ఆగినా పంపు ఆగదు, తెగిన గొట్టం గుండా పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఇందులో రాజీ లేదు. కొన్ని టీఎస్‌ఐ కార్లలో పంపు వేగాన్ని ఓ కంట్రోల్ యూనిట్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి వాటిలో మల్టీమీటరు అంకె మోసం చేస్తుంది. అక్కడ స్కానరు పెట్టి, రైలులో ఇంజను కంప్యూటరు (ఈసీయూ) అడిగిన పీడనం, నిజంగా వచ్చిన పీడనం పక్కపక్కన రికార్డు చేయించండి. నిండా తొక్కినప్పుడు రెండు గీతలూ విడిపోతుంటే జబ్బు ఉన్నట్టే. స్కానరుని డ్రైవరు చూడకూడదు, పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు చూడాలి.

రిటర్న్ లైనున్న పాత కార్లకి ఇంకా సూటి పరీక్ష ఉంది. రిటర్న్ గొట్టాన్ని ఓ మూతున్న ఇనప డబ్బాలోకి తిప్పి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా 30 సెకన్లు పట్టండి. రెగ్యులేటరు దాటి వచ్చిన పెట్రోలు కనుక అది సరైన పీడనం మీద పంపు తోసిన కొలతే. 150 హార్స్‌పవర్లకి 30 సెకన్లకి 460 మిల్లీలీటర్లు కావాలి. డబ్బాలో 700 ఉంటే పంపు గురించి మాట్లాడటం ఆపేయండి. 400 ఉంటే ముందు వోల్టేజి, తర్వాత ఫిల్టరు, ఆ తర్వాత స్ట్రెయినరు చూడండి. ఈ పని ఆరుబయట చేయాలి. ఆటోనగర్ షెడ్లలో కారు కింద గుంటలుంటాయి, పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, గుంటలోకి దిగి కూర్చుంటుంది. పక్క షెడ్డులో వెల్డింగు నిప్పురవ్వ చాలు. మంటలార్పే సిలిండరు లేకుండా డబ్బా పట్టకండి.

ఫిల్టరు బాగున్నా పారేయమన్నాను. బయట నుంచి చూసి, చేత్తో ఊపి ఫిల్టరు బాగుందని చెప్పగలిగినవాళ్ళు లేరు. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ధారాళంగా వదిలే ఫిల్టరే నిండా తొక్కినప్పుడు బిగబట్టుకుంటుంది. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చేయండి. ట్యాంకులోని స్ట్రెయినరుకీ ఇదే మాట, ముఖ్యంగా ఇనప ట్యాంకున్న పాత కార్లకి.

ఇథనాల్ గురించి ఊళ్ళో రెండు మాటలు వినబడతాయి. "ఈ20 వచ్చాక ఇంజన్లన్నీ పోతున్నాయి" అనేది ఒకటి, "ఏం తేడా లేదు" అనేది రెండోది. రెండూ తప్పే. ఈ20 మన దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025కల్లా దాదాపు ప్రతి బంకుకీ చేరింది. పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 రెట్లే. కాబట్టి అదే గాలికి ఈ20 అయితే అచ్చమైన పెట్రోలు కంటే ఏడెనిమిది శాతం ఎక్కువ పోయాలి. పైన 55 లీటర్లన్న కారుకి ఇప్పుడు 60కి చేరువ కావాలి. నాక్ విషయంలో ఇథనాల్ మేలే చేస్తుంది, వేడిని బాగా లాగుతుంది. కానీ చిలుము పట్టిన కనెక్టరుతో, సగం మూసుకున్న ఫిల్టరుతో ఇన్నాళ్ళూ అంచున నెట్టుకొచ్చిన కారుని ఈ ఏడెనిమిది శాతమే అంచు దాటిస్తుంది. నింద ఇథనాల్ మీద పడుతుంది, జబ్బు మాత్రం అంతకుముందే ఉంది.

నీళ్ళ సంగతి వేరు. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొంతవరకు నీటిని తనలో కలుపుకుంటుంది. హద్దు దాటితే నీళ్ళూ ఇథనాలూ జతకట్టి విడిపోయి ట్యాంకు అడుక్కి, అంటే సరిగ్గా పంపు నోటి దగ్గరికి, దిగుతాయి. మునిగిన కారుని ట్యాంకు ఖాళీ చేయించకుండా స్టార్టు చేయకండి, మీద కొత్త పెట్రోలు నింపితే సర్దుకుంటుందని నమ్మకండి. ట్యాంకు నిండుగా ఉంచమన్న నేనే ఈ ఒక్కచోట పూర్తిగా ఖాళీ చేయమంటున్నాను. అలాగే, పెట్రోలు అందని జబ్బుకి 100 ఆక్టేన్ పెట్రోలు మందు కాదు. ఇండియన్ ఆయిల్ 2020 చివర్లో తెచ్చిన ఎక్స్‌పీ100 మంచి పెట్రోలే, నాక్‌ని ఆపడానికి పనికొస్తుంది. పంపు నోటికి చేరని పెట్రోలు ఎంత మంచిదైతే ఏం లాభం?

తరచుగా మరిచిపోయేది ట్యాంకు గాలి దారి. పెట్రోలు తరిగే కొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. ఆ దారి మూసుకుపోతే ట్యాంకు లోపల శూన్యం పెరిగి పంపుతో పోటీ పడుతుంది. అరగంట బాగా నడిచి తర్వాత పికప్ పడిపోయే కారుని పక్కకి ఆపి మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి లాగి, ఆ తర్వాత కారు మళ్ళీ బాగా నడిస్తే దొంగ దొరికినట్టే. 2011లో మాజ్డా కంపెనీ అమెరికాలో మాజ్డా6 కార్లని వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. పసుపు రంగు సాలెపురుగులు ఆ గాలి గొట్టంలో గూళ్ళు కట్టడమే కారణం. మన కాలువ గట్ల మీద, కరకట్ట వెంబడి ఊళ్ళలో మట్టిగూళ్ళు కట్టే కందిరీగలకి కొదవ లేదు. నెలకోసారి మాత్రమే బయటికి తీసే కారుంటే వెనక చక్రం దగ్గర ఆ గొట్టం కొస ఎక్కడుందో వెతికి చూడండి.

ఇవన్నీ చేశాక కూడా అడిగిన పీడనం, వచ్చిన పీడనం విడిపోతూనే ఉన్నాయనుకోండి. అప్పుడు బూస్టు తగ్గించండి. ఈసీయూలో వేయించిన స్టేజ్ 2 ట్యూనింగ్ ఫైలు ఉంటే తీసేసి స్టేజ్ 1కి రండి, అక్కడా చాలకపోతే కంపెనీ ఫైలుకే రండి. పరువు తక్కువ పనేమీ కాదు, గీతలు మళ్ళీ కలిసే దాకా ఇంజను బతికి ఉండాలి కదా. ఇంజను నిజంగా పెద్ద శక్తి ఇస్తోందని, ఫోర్జ్‌డ్ పిస్టన్లు, పెద్ద టర్బో వేసి లెక్క గంటకి 100 లీటర్లు దాటిందని కాగితం మీద తేలితే, అప్పుడు పంపు కొనండి. లెక్కకి ముప్ఫై శాతం ఎక్కువ తోసేది చాలు, నాలుగు రెట్లది వద్దు. ఇథనాల్‌కి పనికొస్తుందని తయారుచేసినవాళ్ళు రాసిచ్చినదే తీసుకోండి. బిగించేటప్పుడు మీరు పక్కనే నిలబడండి. గిన్నె, జెట్ పంపు పాతవి ఎలా ఉన్నాయో అలాగే తిరిగి ఎక్కాయో లేదో కళ్ళతో చూడండి, మూత కింద కొత్త రబ్బరు రింగు వేశారో లేదో అడగండి. వైరింగు ముందే మార్పించి ఉండాలి. తీసిన పాత పంపుని షెడ్డులో వదలకండి. అది పాడై ఉండదు. గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టుకోండి. కొత్తది ఏ అర్ధరాత్రో పామర్రు దాటాక మొరాయిస్తే ఇంటికి చేర్చేది అదే.